నా ఆదివారం మాత్ర – యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని గురించి వ్రాయమని సంపాదకవర్గంవారు కోరారు. గాంధీగారిని గురించి, ప్రకాశం పంతులుగారిని గురించి నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ప్రతి ఆదివారం రాత్రి భోజనమయ్యాక ఒక మాత్ర వేసుకుంటాను. ఆ మాత్ర వెనుక ఉన్న మనిషిని గురించి వ్రాస్తాను. ఆయన మన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పోయి ముప్పాతిక శతాబ్దం దాటింది. అయినా నా చేతివేళ్ళు ఈరోజు ఈ కలాన్ని పట్టుకోగలుగుతున్నాయంటే అది ఆయన చలవే.

ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మాది చిల్లకల్లు. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద, జగ్గయ్యపేట మండలంలో ఉంది. టోల్‌గేటు ఊరు అంటే లారీ డ్రైవర్లందరికీ తెలుసు. 2022లో జిల్లాలు విడదీశాక ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాము కాని, మా తరం వారికి ఇది ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. ఈ చుట్టుపక్కల హైస్కూళ్ళలో సైన్సు టీచరుగా పనిచేసి 2011లో పదవీ విరమణ చేశాను.

చివరి ఐదేళ్ళూ ఎలా చేశానో ఆ భగవంతునికే తెలుసు. 2006లో రాష్ట్రమంతా చికున్‌గున్యా వచ్చిన సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇంటింటా కీళ్ళ నొప్పులే. అదే సమయంలో నాకు రెండు చేతుల వేళ్ళ కణుపులూ, మణికట్లూ వాచాయి. అందరికీ వచ్చిందే నాకూ వచ్చిందనుకున్నాను. అందరికీ తగ్గింది, నాకు తగ్గలేదు. తెల్లవారి లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు. గంటా, గంటన్నర గడిస్తేగాని జడ వేసుకోవడం చేతనయ్యేది కాదు. నూనెలు రాశాను, పసర్లు పూశాను, పులుపు మానేశాను. ఎవరో ఇచ్చిన పొడి రెండు నెలలు తేనెలో కలుపుకుని తిన్నాను. నొప్పి మాయమైనట్లే ఉండి ముఖం ఉబ్బింది. మానేయగానే నొప్పి రెట్టింపయింది. పేరులేని అటువంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపే ప్రమాదం ఉందని తరువాత తెలిసింది.

2008లో విజయవాడలో డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ కీళ్ళవాతం అన్నారు. కీలు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి, కీళ్ళ లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. మగవారికంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. మొదటి కొద్ది నెలల్లోనే సరైన మందు పడితే కీళ్ళు వంకర పోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. నేను రెండేళ్ళు ఆలస్యం చేశాను. అప్పటికే కుడిచేతి రెండు వేళ్ళు పక్కకు వాలిపోయాయి. అవి ఇక తిన్నగా కావు.

డాక్టరుగారు వ్రాసిన మందు పేరు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఇంకొకరోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. ఈ రెండు పేర్లూ చదివి కూడా నాకు ఏమీ తట్టలేదు. 1995లో సుబ్బారావుగారి శతజయంతికి తపాలాశాఖవారు స్టాంపు విడుదల చేసినప్పుడు, మా పాఠశాల గోడపత్రికలో ఆయన జీవితాన్ని స్వయంగా నా చేత్తోనే వ్రాసి అంటించాను. అప్పుడు నా అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. వ్రాసినదంతా పరీక్షలో పది మార్కుల ప్రశ్నకు జవాబులా వ్రాశాను. ఆ జీవితాన్ని ఇప్పుడు మళ్ళీ, వంకర అక్షరాలతో వ్రాస్తున్నాను.

తప్పినవాడు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మగారు, తండ్రి జగన్నాథంగారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పెన్షను మీద బతుకుతున్న మనకు ఆ ఇంటి పరిస్థితి వివరించనక్కరలేదు.

పిల్లవాడికి చదువు మీద శ్రద్ధ లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. తల్లి వెనక్కి రప్పించి బడికి పంపింది. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. ముప్పయ్యేళ్ళకు పైగా పేపర్లు దిద్దిన దానిగా ఒక మాట చెప్పుకోవాలి. రెండుసార్లు తప్పినవాడిని నేనైతే వెనకబెంచీలో కూర్చోబెట్టి మరిచిపోయేదాన్ని.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యసించి రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్‌వారు కూడా వైద్యం చదివి సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ చదువుకు సాయపడ్డారు. ఆ కుటుంబపు అమ్మాయి శేషగిరిగారిని 1919లో వివాహమాడారు.

గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు ఖద్దరు బట్టలతో ఆపరేషను థియేటరులోకి వెళ్ళేవారు. శస్త్రచికిత్స చెప్పే దొరగారికి అది గిట్టలేదు. మిగతా పేపర్లు బాగా వ్రాసినా, ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు. దానితో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆగని విరేచనాలతో, రక్తం పట్టక మనిషి క్షీణించిపోయే జబ్బు అది. ఈయనకూ అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. స్వాతంత్ర్య సమరయోధురాలు ఆచంట రుక్మిణమ్మగారి భర్తే ఈ లక్ష్మీపతిగారు. ఆయన నడిపే మద్రాసు ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావుగారు శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. అన్నదమ్ములను తినేసిన జబ్బు ఏమిటి, దానికి మందు ఏది అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మనిధి సహాయంతో, మామగారి సహాయంతో ఓడ ఎక్కి 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు.

భార్య అప్పుడు గర్భవతి. తరువాత మగపిల్లవాడు పుట్టాడు. తండ్రి ముఖం చూడకుండానే పసితనంలోనే కన్నుమూశాడు. వెళ్ళిన మనిషి మళ్ళీ స్వదేశం రాలేదు. శేషగిరిగారు ఆయనను మళ్ళీ చూడలేదు. గోడపత్రికలో 1995లో నేను ఈ విషయం వ్రాయలేదు. అప్పుడు అది అనవసరమనిపించింది. మంచాన పడి, ఒకరోజు ఇంకొకరోజుకోసం ఎదురుచూడడం తెలిసివచ్చాక, ఆమెను తలుచుకోకుండా ఆయనను తలుచుకోవడం న్యాయం కాదనిపిస్తున్నది.

పొద్దున్నే మొదటి గంట

బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్యశాలలో డిప్లొమా చదువుతూ, పొట్టగడవక రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు ఆ డాక్టరుగారు. పట్టా ఉన్న చేతులతో ఆ పని చేయడానికి ఆయన నామోషీ పడలేదు. నాకు మాత్రం చాలాకాలం నామోషీగానే ఉండేది. జడ కోడలు వేయాలి, జాకెట్టు హుక్కులు ఇంకొకరు పెట్టాలి, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే చుట్టాలు చూస్తారు. ఆ నామోషీ పోయాకనే నా బతుకు తేలికైంది. నేను చేసుకున్న ఏర్పాట్లు ఇక్కడ చెబుతాను. వీటిలో డబ్బు పెట్టి కొన్నవి తక్కువ.

పొద్దున ఐదింటికి మెలకువ వస్తుంది. వెంటనే లేవను. దుప్పటి కిందనే మడమలు తిప్పుతాను, వేళ్ళు మెల్లగా ముడిచి తెరుస్తాను. తరువాత బేసినులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని చేతులు పది నిమిషాలు ముంచి ఉంచుతాను. పని ఏదైనా ఏడు దాటాకనే. పొద్దున బిగుసుకునే సమయం గంటన్నర నుండి పావుగంటకు తగ్గిందంటే మందు పనిచేస్తున్నదని గుర్తు.

ఇత్తడి చెంబులు అటక ఎక్కాయి. వాటి స్థానంలో పెద్ద పిడి ఉన్న ప్లాస్టిక్ మగ్గులు వచ్చాయి. గిన్నె ఎత్తవలసి వస్తే వేళ్ళతో అంచు పట్టను, రెండు అరచేతుల మీదకు తీసుకుంటాను. సంచీ వేళ్ళకు తగిలించుకోను, మోచేతికి వేసుకుంటాను. చిన్న కీళ్ళ మీద పడే బరువు పెద్ద కీళ్ళ మీదకు మార్చడమే ఇందులోని కిటుకు. తాళంచెవికి చెక్కముక్క బిగించి మావారు పిడి చేసిపెట్టారు. పళ్ళు తోముకునే బ్రష్షుకూ, ఈ కలానికీ పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టాము. లావుగా ఉన్నది పట్టుకోవడం తేలిక. తడిబట్ట పిండను. కుళాయి గొట్టానికి చుట్టి రెండు కొసలూ కలిపి లాగుతాను, లేదా నీరు ఓడ్చి అలాగే ఆరేస్తాను. జాకెట్లకు హుక్కులు తీసేసి అంటుకునే పట్టీ కుట్టించాను. కుర్చీ కాళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టి ఎత్తు పెంచాము. మరుగుదొడ్డిలో కమోడూ, గోడకు పట్టుకునే ఇనుప కడ్డీ పెట్టించుకోవడం మాత్రం ఖర్చయిన పనే. అయినా అన్నిటికంటే ముందు చేయించుకోవలసింది అదే. కాళ్ళకు మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు ఇంట్లోనూ వేసుకుంటాను.

వేసవిలో ఆవకాయ పెట్టడం మాత్రం మానలేదు. ఇదివరకు ఒక్కరోజులో పెట్టేదాన్ని, ఇప్పుడు నాలుగురోజుల పని. ముక్కలు ఒకరు కొట్టిపెడతారు, కారం ఇంకొకరు జల్లించిపెడతారు. పాళ్ళు చెప్పేది నేను. కలిపేటప్పుడు పొడుగు పిడి చెక్క తెడ్డు వాడతాను. అరగంట పని, అరగంట విశ్రాంతి. ఒళ్ళు బాగున్నరోజున వారం పనంతా చేసేసి మర్నాడు మంచం ఎక్కడం మొదట్లో నాకు అలవాటు. ఆ అలవాటు మానడానికి రెండేళ్ళు పట్టింది.

తనకు పేరు రాని పనులు

మళ్ళీ బోస్టన్‌కు వద్దాము. డిప్లొమా అయ్యాక సుబ్బారావుగారు హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని జీవరసాయన శాస్త్ర విద్యార్థులు తరతరాలుగా నేర్చుకుంటున్నది అదే. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏ.టి.పి.నీ వెలికితీశారు. మన ఒంట్లో ప్రతి కణమూ పనిచేయడానికి వాడుకునే శక్తి ఈ ఏ.టి.పి. నుండే వస్తుంది. నేను పిడికిలి ముడిచినా, మీరు ఈ పుట తిప్పినా ఖర్చయ్యేది అదే. జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా అదే సంవత్సరం దానిని కనుగొన్నారు. సుబ్బారావుగారు 1930లో పిహెచ్.డి. పట్టా పొందారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. సర్వీసు క్రమబద్ధం కాక ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారు మనలో ఉన్నారు, వారికి ఆ బాధ తెలుసు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కొద్దికాలానికే పరిశోధనా విభాగానికి డైరెక్టరు అయ్యారు. ఎనిమిదేళ్ళలో ఆయన నాయకత్వంలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన పిలిపించుకున్న బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ మందులన్నిటిలో అదే మొదటిది. బోదకాలు జబ్బుకు ఇప్పటికీ ఊరూరా పంచే డి.ఇ.సి. మాత్ర 1947లో హెట్రజాన్ పేరుతో అక్కడినుండే వచ్చింది.

మన కథకు ముఖ్యమైనది ఫోలిక్ యాసిడ్. 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని చూపింది. అందులో ఉన్న పోషకం ఏమిటో అప్పుడు తెలియదు. అది ఆకుకూరల్లోనూ ఉన్నదని తరువాత తెలిసింది. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుండే ఫోలిక్ అన్న పేరు వచ్చింది. దానిని ప్రయోగశాలలో తయారు చేయగలిగినది 1945లో సుబ్బారావుగారి బృందం. స్ప్రూ రోగులకు దానిని ఇస్తే కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు ఆ జబ్బుకు మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి కావాలి. అయితే దానిలాగే కనిపించి దాని పనిని అడ్డుకునే పదార్థం తయారు చేస్తే, అదుపు లేకుండా పెరిగే క్యాన్సరు కణాలను నిలుపుచేయవచ్చు కదా. అలా తయారైనదే అమినాప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దానిని రక్తక్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. పదహారుమంది పిల్లల్లో పదిమందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురించారు. అంతవరకు ఆ జబ్బుకు మందన్నదే లేదు. అదే ప్రయోగశాలలో తయారైన, అమినాప్టెరిన్‌కు తమ్ముడివంటి మందే మెథోట్రెక్సేట్.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు యాభైమూడు. తన మందు కీళ్ళవాతానికి పనికివస్తుందని ఆయన ఎరుగరు.

ఆలస్యమూ, తొందరపాటూ

ఆయన పోయిన మూడేళ్ళకు, 1951లో, న్యూయార్క్‌లో గబ్నర్ అనే డాక్టరూ ఆయన సహచరులూ అమినాప్టెరిన్‌ను రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవారికి ఇచ్చి చూశారు. వాపులు తగ్గాయి. కాని అప్పటికే కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వచ్చి లోకాన్ని అబ్బురపరిచింది. దానిని కనిపెట్టినవారికి 1950లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఆ వెలుగులో ఈ చిన్న మందును పట్టించుకున్నవారు తక్కువ. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే వచ్చే కష్టాలు తెలిసివచ్చాక మళ్ళీ దీనివైపు చూశారు. 1985లో సక్రమంగా పరీక్షలు జరిగాయి. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు దీనిని అనుమతించింది. పెద్ద మోతాదులో క్యాన్సరుకు ఇచ్చే మందునే, చిన్న మోతాదులో వారానికి ఒక్కసారి ఇస్తే, దారితప్పిన రోగనిరోధక శక్తి అదుపులోకి వస్తుంది. నేడు ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట ఇచ్చే ముఖ్యమైన మందు ఇదే. కొత్తరకం ఖరీదైన ఇంజెక్షన్లు ఎన్ని వచ్చినా దీని స్థానం పోలేదు. ధర కూడా మన పెన్షనుకు అందుబాటులోనే ఉంటుంది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే. మందు మొదలుపెట్టిన ఏడాదికి డాక్టరుగారు మోతాదు పెంచారు. అంతకుముందు వారానికి మూడు చిన్న మాత్రలు వేసుకునేదాన్ని, ఇప్పుడు పది మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒకటి. మాత్ర మారింది, రంగు మారింది. మందు కొన్నచోట కాగితం కవరు మీద రోజుకు ఒకటి అని వ్రాసిచ్చారు. ఇంట్లో పెళ్ళి హడావుడి. డాక్టరుగారి చీటీ బీరువాలో ఉంది, కవరు చేతిలో ఉంది. నేను కవరును నమ్మాను. సైన్సు టీచరునై ఉండి కూడా ఆరురోజులు వరుసగా వేసుకున్నాను.

ఐదవరోజున నోరు పొక్కింది. మజ్జిగ అన్నం కూడా మింగుడు పడలేదు. పెళ్ళి వంటల కారమనుకున్నాను. ఏడవరోజుకు జ్వరం వచ్చింది. మావారు పాత చీటీ వెతికి తీసి, కవరు పక్కన పెట్టి చూశారు. ఆ పూటే విజయవాడకు తీసుకువెళ్ళారు. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. పదిరోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నాకు ఎక్కించిన విరుగుడు ఇంజెక్షను ఫోలినిక్ యాసిడ్. అది ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టమే.

ఆసుపత్రికి నన్ను చూడవచ్చినవారిలో ఫార్మసీ చదివిన నా పాత విద్యార్థిని ఒకరు ఉన్నారు. టీచరుగారూ, మీకు పెట్టిన జబ్బుమందూ, విరుగుడుకు మూలమైన మందూ మీరు గోడపత్రికలో వ్రాసిన సుబ్బారావుగారి ప్రయోగశాల నుండి వచ్చినవే కదా అని ఆమె అన్నది. పద్నాలుగేళ్ళ క్రితం నేను అంటించిన కాగితం ఆమెకు గుర్తుంది, వ్రాసిన నాకు లేదు. ఆ మంచం మీదనే ఆయన జీవితాన్ని రెండవసారి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

కోలుకున్నాక డాక్టరుగారు అదే మందును మళ్ళీ తక్కువ మోతాదులో, వారానికి ఒక్కరోజు లెక్కన మొదలుపెట్టారు. చేతిలోకి తీసుకోవడానికి భయమేసింది. తప్పు మందుది కాదు, వాడిన తీరుది. మా ఇంట్లో కాలెండరు మీద ఆదివారాలకు ఎర్రసిరాతో మె అనీ, బుధవారాలకు ఆకుపచ్చ సిరాతో ఫో అనీ అక్షరాలు ఉంటాయి. వేసుకున్న తరువాత అక్షరం మీద కొట్టివేయడం మావారి పని. మందు కొన్నప్పుడల్లా చీటీనీ కవరునూ పక్కపక్కన పెట్టి ఇద్దరం చదువుతాము.

సభ్యులకు మనవి

మన సంఘంలో, మన ఇళ్ళలో ఈ మందు వాడేవారు తప్పక ఉంటారు. వారికి నా మనవి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. ఆ రోజు పేరు చీటీ మీద వ్రాసివ్వమని డాక్టరుగారిని అడగండి. ఒక వారం మరిచిపోతే రెట్టింపు వేసుకోకుండా డాక్టరుగారిని అడగండి. రక్తపరీక్ష, లివరు, కిడ్నీ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించుకోండి. నోట్లో పుళ్ళు, జ్వరం, ఆగని పొడిదగ్గు, ఆయాసం వస్తే అదేరోజు డాక్టరుగారికి చెప్పండి. మద్యం అలవాటు ఉన్నవారు దాచకుండా చెప్పండి. పిల్లలు కావాలనుకునే వయసు కోడళ్ళకూ కూతుళ్ళకూ ఈ మందు ఉంటే, గర్భం రాకముందే డాక్టరుగారితో మాట్లాడాలి. గర్భిణులు ఇది వాడకూడదు. మందు గుణం కనిపించడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే పనిచేయలేదని మానేయకండి.

పెన్షనుదారులకు ఇంకొక సంగతి. వేళ్ళు వంకరపోయాక నా సంతకం మారిపోయింది. ఒకచోట చెక్కు తిప్పిపంపారు. చాలా చిన్నతనమనిపించింది. సంతకం చేయలేని అనారోగ్య, వృద్ధ పెన్షనుదారులు వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో వీలు ఉంది. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. మా సంఘ కార్యదర్శిగారు తోడువచ్చి ఆ నిబంధన చూపించాక, కొత్త నమూనా సంతకం తీసుకున్నారు. ఇలాంటి పని ఉన్నవారు సంకోచించకుండా సంఘానికి చెప్పండి.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మా మెట్టపొలాల్లో పత్తి, మిర్చి ఎక్కువ. ఆ పనికి వెళ్ళే ఆడవాళ్ళకు వేళ్ళనొప్పి జబ్బుగా తోచదు, కూలిపనిలో భాగమనుకుంటారు. మూడేళ్ళ క్రితం, పత్తితీతకు వెళ్ళే ఒకామె మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతుండగా ఆమె చేతులు చూశాను. రెండు చేతులకూ ఒకే వరుస కణుపులు వాచి ఉన్నాయి. పొద్దున పూట పిడికిలి ముడుచుకుంటుందా అని అడిగాను. పొద్దెక్కేదాకా ముడుచుకోదమ్మా అన్నది. మొదలై రెండు నెలలే అయింది. ఆ వారంలోనే మావారూ నేనూ వెంటబెట్టుకుని విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాము. పరీక్షల్లో నాకున్న జబ్బే అని తేలింది. ఆమె ఇంటి గోడకు కూడా ఇప్పుడు మె, ఫో అని అక్షరాలున్న కాలెండరు ఉంది. ఆమెకు చదువు రాదు కనుక రంగులే గుర్తు. ఎరుపు ఒకరోజు, ఆకుపచ్చ ఒకరోజు.

మొన్న సంక్రాంతికి మా వాకిట్లో ముగ్గు ఆమె పెట్టింది. పిండి ఆమె వేళ్ళ సందున సన్నగా, తెగకుండా జారింది. నేను కుర్చీలో కూర్చుని చుక్కల లెక్క చెప్పాను. ఆమె వేళ్ళు పదీ తిన్నగా ఉన్నాయి.

ఆ మందు ఇంతదూరం వస్తుందని భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారికి తెలియదు. మనకు తెలుసు. అందుకే ఇది వ్రాశాను. ఈరోజు ఆదివారం, మావారు కాలెండరు దగ్గర నిలబడి ఉన్నారు. సెలవు.